చలికి తలుపులు మూసుకున్న రోజు

గూడూరులో నేను పనిచేసే బట్టల కొట్టుకు వచ్చి ఎవరైనా మంకీ క్యాపు అడిగారంటే వాళ్ళు తిరుమల కొండకో, ఊటీకో పోతున్నారని అర్థం. మా వైపు చలికాలమంటే ఫ్యాను వేగం ఒక నంబరు తగ్గించుకోవడం, తెల్లవారుజామున కాళ్ళ దగ్గరున్న దుప్పటిని నడుము దాకా లాక్కోవడం, అంతే. స్వెట్టరు కొని ఇంట్లో దాచుకున్నవాళ్ళను మా ఊళ్ళో నేను చూడలేదు. అందుకే రెండేళ్ళ కిందట ఒక ఉదయం కొట్టు షట్టరు ఎత్తేసరికి బయట జనం గుంపుగా నిలబడి ఉండడం, అందరూ చేతులు చంకల్లో దాచుకుని ఉండడం చూసి, వీధిలో ఎవరో పోయారనుకున్నాను.

"స్వెట్టర్లు ఉండాయా అమ్మా?" అని అడిగాడు ముందున్నాయన. ఆయన తలకు హెల్మెట్ ఉంది. బండి మాత్రం ఎక్కడా లేదు. చెవులకు గాలి తగులుతుందని ఇంటి దగ్గర్నుంచి హెల్మెట్ పెట్టుకుని నడిచి వచ్చాడట.

అంతకు ముందు వారమంతా ముసురు పట్టింది. వాయుగుండం తీరం దాటిందన్నారు, వాన ఆగింది, ఇక ఎండ కాస్తుందని అందరం అనుకున్నాం. ఎండ రాలేదు. ఉత్తరం నుంచి గాలి మొదలైంది. అది మాకు తెలిసిన గాలి కాదు. మాకు తెలిసిన గాలి ఉప్పగా, జిగటగా ఒంటికి అంటుకుంటుంది. ఇది పొడిగా వచ్చి ఎముకల్లోకి దిగిపోయింది. మధ్యాహ్నం పన్నెండు గంటలకు కూడా కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టుకునే ఉంది. ఇడ్లీ పిండి పులవలేదు. పాలకు తోడు వేస్తే మరుసటి రోజుకు కూడా పాలుగానే ఉన్నాయి. నేనుండే అద్దె గదిలో గోడమీది బల్లి ఒకటి పటుక్కున కింద పడి, కాళ్ళు ఆడించలేక అలాగే పడి ఉంది. దాన్ని చూసి నాకు నిజంగా భయం వేసింది. మనుషుల సంగతి సరే, గోడమీద బల్లికి కూడా ఏం చెయ్యాలో తెలియడం లేదు.

కొట్టులో మొదట దుప్పట్లు అయిపోయాయి. తర్వాత బొంతలు, ఆ తర్వాత మందపాటి తువ్వాళ్ళు. రెండో రోజుకు కర్టెన్ల గుడ్డ కూడా కోయించుకుని పోతున్నారు. నిమ్మకాయల మార్కెట్‌లో బస్తాలు మోసేవాళ్ళు గోనెసంచులకు మెడ, చేతులు పట్టేటట్టు చిల్లులు చేసి తొడుక్కున్నారు. కొందరు వానకోట్లు వేసుకుని తిరిగారు. చలికి ఏం చెయ్యాలో మాలో ఎవరికీ తెలియదు. ఎండకైతే చెప్పండి, ఎన్ని ఉపాయాలైనా చెబుతాం.

మూడో రోజు పొద్దున నాయన ఫోన్ చేశాడు. ఆయన మామూలుగా ఫోన్ చెయ్యడు. అమ్మ చేస్తే పక్కనుంచి ఒక మాట అంటాడు, అంతే.

"కొట్లో దుప్పట్లేమన్నా మిగిలినాయా మే?" అన్నాడు. గొంతు వణుకుతోంది. "చంటిబిడ్డ కాళ్ళు ఊదారంగుకి తిరిగినాయి. మీ అమ్మ ఒకటే గోల."

మా చెల్లెలు పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. పాప పుట్టి నెల కాలేదు, ఇంకా పేరు పెట్టలేదు. చెల్లెలి మొగుడు చెన్నై పక్క ఫ్యాక్టరీలో పని, సెలవు దొరికినప్పుడు వస్తాడు. నేను ఒంటరిదాన్ని, ఎక్కడికి పోవాలన్నా ఎవరినీ అడగనక్కర్లేదు. యజమానికి చెప్పి, ఆయన తన ఇంటికని దాచుకున్న రెండు బొంతలు అడిగి తీసుకుని బస్సెక్కాను.

మా ఊరు పులికాట్ సరస్సు ఒడ్డున ఉంటుంది. ఒకవైపు సరస్సు, కొంచెం దూరంలో సముద్రం. నాయన సరస్సులో వేట చేస్తాడు, అమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. మా చిన్నప్పుడు తాటాకు పాకలో ఉండేవాళ్ళం. ఇప్పుడు గవర్నమెంటు కట్టించిన రెండు గదుల శ్లాబు ఇల్లు. ఆ ఇంటిని చూసి అమ్మ మురిసిపోని రోజు లేదు. వాన పడితే నిద్ర లేచి గిన్నెలు పెట్టక్కర్లేదని చెప్పుకునేది.

నేను దిగేసరికి నాయన అప్పుడే పడవ ఒడ్డుకు చేర్చాడు. గడకర్ర చేతిలోనే ఉంది. ఎందుకు పట్టుకుని నిలబడ్డాడో నాకు అర్థం కాలేదు. అమ్మ పరుగెత్తుకుని పోయి ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విప్పదీసింది. అవి వాటంతట అవి తెరుచుకోవడం లేదు. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఏడుపు కాదు, గాలికి. అయినా నాయన కళ్ళల్లో నీళ్ళు చూడడం నాకదే మొదటిసారి. 

"చేపలు గూడా కదల్లే," అన్నాడు. "చేత్తో ఎత్తితే వస్తా ఉండాయి. ఇట్టాంటిది నేను ఎప్పుడూ చూళ్ళా."

అమ్మ ఆయన చేతులను తన పైటకొంగులో పెట్టి రుద్దుతూ, "రేపు నీళ్ళల్లో కాలు పెడితే చూడు," అంది. ఆమె మాటంటే మాటే. నాయన మరుసటి రోజు వేటకు పోలేదు. అదే మమ్మల్ని కాపాడిందని ఇప్పుడు అనుకుంటాను.

చెల్లెలున్న లోపలి గదిలోకి పోయి చూస్తే పాప గుడ్డల మూటలో ముక్కు మాత్రం కనిపిస్తూ ఉంది. అమ్మ మూట విప్పి కాళ్ళు చూపించింది.

"చూడు. ఐసులో పెట్టిన చేప మాదిరి ఉండాయి గదా?"

ముట్టుకున్నాను. నిజంగానే అంత చల్లగా ఉన్నాయి.  చెల్లెలు బాలింత, తల చుట్టూ గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, మోకాళ్ళు డొక్కలోకి ముడుచుకుని పడుకుంది. రెండు బొంతలూ వాళ్ళిద్దరికే కప్పాం.

చీకటి పడేలోపు అమ్మ ఆ గదిని యుద్ధానికి సిద్ధం చేసినట్టు సిద్ధం చేసింది. కిటికీకి బయట నుంచి చేపలు ఆరబెట్టే టార్పాలిన్ పట్ట కట్టించింది. లోపల నుంచి ప్లాస్టిక్ కవరు మేకులతో కొట్టించింది. పైనున్న చిన్న గాలి కంతల్లో పాత వల ఉండలు చుట్టి కుక్కింది. తలుపు కింది సందులో గోనెపట్ట మడిచి తొక్కింది. దీపం ముందు నిలబడి మంట ఊగుతోందా అని చూసింది. ఊగలేదు.

"ఇప్పుడు రమ్మను చూస్తాం," అంది గాలిని ఉద్దేశించి. అందరం నవ్వాం.

పొద్దున్నే చెల్లెలికి, పాపకు వేడినీళ్ళతో స్నానం చేయించింది. సాంబ్రాణి వేసింది. తర్వాత ఎదురింటి పెద్దమ్మ దగ్గర బొగ్గులు తెచ్చి, పెరట్లో కుంపటి రాజేసింది. పెద్దమ్మ అంటే మాకు చుట్టమేమీ కాదు, ఊళ్ళో అందరం అలాగే పిలుస్తాం. అమ్మ కుంపటి దగ్గర చాలాసేపు కూర్చుంది. పొగ మొత్తం పోయి, బొగ్గులు కణకణమని ఎర్రగా మారిన తర్వాతే రెండు గుడ్డలతో పట్టుకుని లోపలికి తెచ్చింది. చంటిబిడ్డకు పొగ తగలకూడదని ఆమెకు తెలుసు. అంత జాగ్రత్తగా చేసింది.

"అంత దగ్గరగా ఎందుకమ్మా?" అంది చెల్లెలు.

"మిమ్మల్నిద్దర్నీ నిప్పుల పక్కనే గదా పెంచినాను. ఏమైంది మీకు? రాళ్ళ మాదిరి ఉండారు." అని, పాపను ఒళ్ళో వేసుకుని, గోడకు ఆనుకుని కుంపటి పక్కనే కూర్చుంది. "నువ్వు పొయ్యి పాలు తీసుకురా మే. వచ్చేటప్పుడు తలుపు బాగా నెట్టు, వేడి పోతుంది."

నేను పాల కోసం బస్సు ఆగే చోటుకు పోయాను. అక్కడ టీ కొట్టు పొయ్యి చుట్టూ కుక్కలు, మనుషులు కలిసి కూర్చుని ఉన్నారు. పాలవ్యాను ఆలస్యమైంది. నేనూ ఒక టీ తాగాను, ఇంకొకటి తాగాను. గ్లాసు వదిలిపెట్టబుద్ధి కాలేదు. వ్యాను వచ్చాక ప్యాకెట్లు తీసుకుని గాలికి ఎదురు నడుస్తూ ఇంటికి చేరేసరికి నా ముఖం నాది కానట్టు అయిపోయింది.

నాయన ఇంటి వెనుక పట్ట చాటున వల బాగుచేసుకుంటున్నాడు. ముందు గదిలో ఎవరూ లేరు. లోపలి తలుపు నెట్టాను. గోనెపట్ట అడ్డం పడి గట్టిగా ఉంది. భుజంతో తోసి, లోపలికి దూరి, అమ్మ చెప్పినట్టే తలుపు మళ్ళీ బాగా నెట్టేశాను.

ఆ తర్వాత జరిగింది ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు నమ్మబుద్ధి కాదు. ఎందుకంటే, ఆ గదిలోకి అడుగు పెట్టగానే నాకు కలిగింది సంతోషం.

ఎంత వెచ్చగా ఉందో చెప్పలేను. రోజుల తరబడి బిగదీసుకుని ఉన్న ఒళ్ళు ఒక్కసారిగా వదులైంది. పొగ లేదు. వాసన లేదు, సాంబ్రాణి వాసన తప్ప. చెల్లెలు గోడవైపు తిరిగి నిద్రపోతోంది. అమ్మ గోడకు ఆనుకుని, తల ఒక పక్కకు వాల్చి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. ఒళ్ళో పాప. పాప బుగ్గలు ఎర్రగా, ఎంత అందంగా ఉన్నాయో! అమ్మ సాధించిందని అనుకున్నాను. వాళ్ళను లేపకూడదని చప్పుడు చెయ్యకుండా అమ్మ పక్కన కూలబడి, కుంపటి మీదకు చేతులు చాపాను.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నుదుటి దగ్గర నొప్పి మొదలైంది. గాలికి నడిచి వచ్చానుగదా అనుకున్నాను. కళ్ళు మూతపడుతున్నాయి. హాయిగా ఉంది. లేచి పాలు కాచాలని ఉంది, లేవాలని లేదు. "అమ్మా, పాలు తెచ్చినాను," అన్నాను. అన్నానో, అనుకున్నానో.

నా ఒడిలోంచి పాల ప్యాకెట్ జారి అమ్మ పాదం మీద పడింది. మంచుగడ్డలా ఉన్న ప్యాకెట్ అది. మామూలుగా అయితే ఆమె ఉలిక్కిపడి నన్ను నాలుగు తిట్టాలి. పాదం కదలలేదు. వేళ్ళు కూడా ముడుచుకోలేదు. ప్యాకెట్ ఆమె పాదం మీద అలాగే ఉంది. నేను దాన్ని చూస్తూనే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను, చాలాసేపటికి నాకు అర్థమైంది, ఇది నిద్ర కాదని.

లేవబోయాను. మోకాళ్ళు లేవు. అంటే ఉన్నాయి, నా మాట వినడం లేదు. "నాయనా" అని అరిచాను. గొంతులోంచి గాలి వచ్చింది గానీ అరుపు రాలేదు. అమ్మ ఒళ్ళోంచి పాపను లాక్కున్నాను. పాప తల నా చేతిమీద తడిగుడ్డలా వేలాడింది. ఆ బరువు నా చేతికి ఇప్పటికీ తెలుసు. పాపను గుండెకు అదుముకుని, ఒక మోచేత్తో నేలమీద ఈడ్చుకుంటూ తలుపు దాకా పోయాను. తలుపు లోపలికి తెరుచుకోవాలి. గోనెపట్ట దాని కింద ఇరుక్కుపోయింది. లాగాను. రాలేదు. కూర్చుని రెండు కాళ్ళూ గోడకు తన్నిపెట్టి, పట్ట కొస పట్టుకుని వెనక్కి పడ్డాను. పట్ట ఊడివచ్చింది. తలుపు సందులోంచి ఆ పాడు చలిగాలి ముఖానికి కొట్టింది. దాన్ని నీళ్ళు తాగినట్టు తాగాను.

అప్పుడు వచ్చింది అరుపు.

నాయన పెరటి వైపు నుంచి పరుగెత్తుకొచ్చాడు. నన్ను, పాపను దాటి లోపలికి పోయాడు. "ఏంది మే? ఏంది ఇది? ఏమే, లెయ్!" అని అమ్మ భుజం పట్టుకుని కుదుపుతున్నాడు. "బయటికి లాగు నాయనా," అన్నాను. "లోపల వొద్దు, బయటికి లాగు." ఎందుకు బయటికో నాకు తెలియదు. బయట నాకు ఊపిరి ఆడింది, లోపల ఆడలేదు. నాకు తెలిసింది అంతే.

ముందు చెల్లెల్ని, తర్వాత అమ్మను ఇంటి ముందు ఇసుకలోకి ఈడ్చాడు. నా అరుపుకు వీధంతా కదిలివచ్చింది. ఎదురింటి పెద్దమ్మ చూసి గుండెలు బాదుకుంది.

"బాలింతను గాలిలో పండేసినారేందిరా! చలికి చచ్చిపోతారు! లోపలికి ఎత్తండి!"

ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చి చెల్లెల్ని ఎత్తబోయారు కూడా. మళ్ళీ ఆ గదిలోకే. నిప్పుల దగ్గరకే. నేను పాపను పట్టుకునే గడపలో అడ్డం పడుకున్నాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

"నన్ను తొక్కి పోండి," అన్నాను. "లోపల ఏదో ఉండాది. లోపలికి పోనీను."

"దెయ్యమా?" అన్నారెవరో. నేను కాదనలేదు. దెయ్యమంటేనన్నా ఆగుతారని. నిజంగానే ఆగిపోయారు.

మొదట పాప ఏడ్చింది. ఏడుపు కాదు, పిల్లి మూలిగినట్టు సన్నని చప్పుడు. తర్వాత గొంతు పెగిలింది. ఆ ఏడుపు విని వీధి మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. కాసేపటికి చెల్లెలు కక్కుకుంది, కళ్ళు తెరిచింది, "పాప ఏది?" అంది. అమ్మ లేవలేదు. ఊపిరి ఉంది. ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా, ఎవరైనా చూస్తే దిష్టి తగిలేటట్టు ఉంది. ఆ ఎరుపుకే నాకు భయం వేసింది.

ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఆటోలో అందరం కుక్కుకున్నాం. ఆటోకు పక్కల పట్టలు కట్టి ఉంటే నాయన వాటిని చింపి పారేశాడు. దారంతా గాలి మమ్మల్ని కోసింది. ఎవరమూ కప్పుకోలేదు.

గూడూరు ఆసుపత్రిలో చూసిన డాక్టరు వయసులో నాకంటే చిన్నది. అమ్మ ముఖం చూసి, మమ్మల్ని చూసి, "గదిలో ఏం పెట్టుకున్నారు?" అని అడిగింది. ఇంకేమీ అడగలేదు.

"బొగ్గుల కుంపటమ్మా," అన్నాడు నాయన. "పొగ లేదు. పొగ మొత్తం పొయ్యినాకనే మా ఆడది లోపల పెట్టింది. జాగర్తగానే పెట్టింది."

"పొగ ఉంటే దగ్గి లేచేవాళ్ళు," అంది డాక్టరు. "బొగ్గుల్లోంచి ఒక గాలి వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. మూసిన గదిలో అది నిండిపోతుంది. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది చేరుతుంది. మనిషికి నిద్ర వస్తుంది, అంతే. ఇంకాసేపైతే..." అని ఆగిపోయింది.



నేను ఆ మాట ఎన్నిసార్లు నాలో నేను తిప్పుకున్నానో. నిద్ర వస్తుంది, అంతే. నేను కూడా చేతులు చాపి కూర్చున్నాను. హాయిగా ఉందనుకున్నాను. చావు అలా ఉంటుందని, అమ్మ ఒళ్ళోలాగా వెచ్చగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. మా పాకలో అమ్మ మమ్మల్ని నిప్పుల పక్కన పెట్టుకుని పెంచిందంటే, తాటాకు సందుల్లోంచి గాలి వచ్చి పోతూ ఉండేది గనుక పెరిగాం. ఈ ఇంటికి ఆ సందులు లేవు. ఉన్న నాలుగూ ఆమె చేత్తోనే మూసింది.

అందరికీ ఆక్సిజన్ పెట్టారు. పాప తల చుట్టూ అద్దం డబ్బా లాంటిది ఉంచి దాంట్లోకి గాలి పంపారు. వార్డు నిండా చలికి ఆయాసం పట్టిన ముసలివాళ్ళే. ఆ డబ్బా తీసేశాక నర్సు పాపను బట్టల్లేకుండా చెల్లెలి రొమ్ముకు ఆనించి, పైన దుప్పటి కప్పి, "ఇట్ట పెట్టుకో, ఇంతకంటే వేడి ఏదీ లేదు," అని చెప్పింది. చెల్లెలు పాపను అలా కరుచుకుని కన్నార్పకుండా పైకప్పు చూస్తూ పడుకుంది. నిద్రపోవాలంటే భయమంది. నాకూ అంతే. నాయన మా ఇద్దరి మధ్య స్టూలు వేసుకుని, మేము కళ్ళు మూస్తే చాలు, మా కాళ్ళు తట్టి లేపేవాడు.

అమ్మకు మరుసటి రోజు సాయంత్రం తెలివి వచ్చింది. మమ్మల్ని గుర్తుపట్టింది. గొంతు తడుపుకుని, "ఏమైంది నాకు?" అంది.

చెల్లెలే చెప్పింది. కుంపటి, గది, ఆ గాలి, అంతా. అమ్మ ముఖంలో రంగు దిగిపోయింది.

"నేను పెట్టినానా? నా చేత్తోనే?" అంది. "బిడ్డ పక్కన?"

ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. లేచి, గొంతు తడుపుకుని, అదే గొంతుతో, "ఏమైంది నాకు?" అంది.

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమెకు ముందు చెప్పింది గుర్తు లేదు. ఆ ఉదయం స్నానాలు చేయించింది గుర్తు లేదు, బొగ్గులు తెచ్చింది గుర్తు లేదు. కొన్ని రోజులు అలాగే ఉండొచ్చని, తగ్గిపోతుందని డాక్టరు చెప్పింది. నేను మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే రంగు దిగడం, అదే మాట: "నేను పెట్టినానా? నా చేత్తోనే?" ఒక్క అక్షరం తేడా లేదు. మొదటిసారి విన్నట్టే విన్నది. మొదటిసారి ఏడ్చినట్టే ఏడ్చింది.  ఒకే దెబ్బ మనిషిని మళ్ళీ మళ్ళీ మొదటిసారిలాగే కొట్టడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆమె ఇంకోసారి కళ్ళు తెరిచింది. గొంతు తడుపుకుంది. "ఏమైంది నాకు?"

నేను నోరు తెరిచేలోపు నాయన స్టూలు మీదనుంచి లేచాడు.

"నేనే," అన్నాడు. "చలికి తట్టుకోలేక మూసిన గదిలో కుంపటి పెట్టినాను. నువ్వు వొద్దంటానే ఉండావు. నేను విన్లేదు."

అమ్మ ఆయన వైపు చూసింది. రంగు దిగలేదు. కనుబొమలు ముడిపడ్డాయి.

"నీకు బుద్ధుండాదా?" అంది. "చంటిబిడ్డ ఉండే గదిలోనా? నీళ్ళల్లో తిరిగి తిరిగి నీ మెదడు గూడా నానిపోయిందా?"

"పొరపాటైపోయింది," అన్నాడు నాయన తల వంచుకుని.

"పొరపాటంట! బిడ్డను చంపి ఉందువే!" అని లేచి కూర్చోబోయింది. నర్సు వచ్చి పడుకోబెట్టింది. పడుకుని కూడా తిడుతూనే ఉంది. చెల్లెలు నోట్లో కొంగు కుక్కుకుంది. నవ్వో, ఏడుపో నాకు తెలియలేదు. ఆ రోజు నుంచి అమ్మ మళ్ళీ "ఏమైంది నాకు?" అని అడగలేదు. నిజం ఎన్నిసార్లు చెప్పినా నిలవలేదు. ఈ అబద్ధం మాత్రం ఒక్కసారికే నిలిచిపోయింది.

ఇంటికి వచ్చేసరికి చలి ఇంకా వదలలేదు. ఆటో దిగగానే అమ్మ మా ఇంట్లోకి పోలేదు. నేరుగా ఎదురింటికి పోయింది. పెద్దమ్మ తలుపు, కిటికీ అన్నీ బిగించుకుని ఉంది. అమ్మ తలుపు నెట్టుకుని పోయి, కిటికీకి కట్టిన ప్లాస్టిక్ కవరును ఒక్క గుంజుతో ఊడదీసింది.

"చలి వస్తుంది మే!" అని పెద్దమ్మ లబోదిబోమంది.

"వస్తే రానీ. ఇంకో చీర కట్టుకో. నిప్పులు పెట్టుకోవాలంటే వాకిట్లో పెట్టుకో, లోపల మాత్రం వొద్దు. మా ఆయన చేసిన పనికి మేమంతా పొయ్యుందుము, తెలుసునా? వినలేదా నువ్వు?"

పెద్దమ్మ గుమ్మంలో నిలబడ్డ నాయన వైపు చూసింది. ఆ ఉదయం తన ఇంటికి వచ్చి బొగ్గులు అడిగింది ఎవరో ఆమెకు తెలుసు. నాయన కొంచెంగా తల ఊపాడు.

"విన్నాను మే," అంది పెద్దమ్మ. "మగోళ్ళకు ఏం తెలుస్తుంది."

అమ్మ ఆ రోజు వీధిలో ప్రతి ఇంటికీ పోయింది. ప్రతి ఇంట్లోనూ కిటికీ తీయించింది. ప్రతి చోటా అదే చెప్పింది, మా ఆయన చేసిన పని చూడండి అని. నాయన ఆమె వెనకాలే నడిచాడు, ఎక్కడ తూలుతుందోనని. ఊరందరి ముందూ తల వంచుకుని నిలబడ్డాడు. ఊరందరికీ అసలు సంగతి తెలుసు. ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు.

సాయంత్రం ఆయన పడవ దగ్గర ఒంటరిగా దొరికాడు.

"నిజం ఎప్పుడు చెప్తావు నాయనా?" అని అడిగాను.

"చెప్పను," అన్నాడు. "దానికి తెలిసిందంటే ఆ బిడ్డను ఇంక ఎత్తుకోదు మే."

ఇంట్లోంచి అమ్మ అరుపు వినిపించింది. నీళ్ళు కాచాలని, పొయ్యి దగ్గరకు ఆయన్ను మాత్రం రావద్దని, నన్ను రమ్మని. వెళ్ళి చూస్తే పాప ఆమె భుజం మీద ఉంది.